మాట మానిన మనిషి దగ్గర
(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం సెక్రటరీ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం సెక్రటరీకి మైకు ఇస్తే నూలు ధర, రిబేటు బకాయి, సాంచాల పోటీ ఈ మూడే మాట్లాడతాడని మీకు తెలుసు. అవన్నీ పొద్దున పెద్దలు చక్కగా చెప్పారు. మేము వేరే సంగతి ఎత్తుకుంటున్నాము. మేము అంటే మా పాలకవర్గం అంతా. ఈ మాటలు ఒక్కరివి కావు, అందరం కూర్చొని అనుకున్నవి. రాసిన చేయి మాత్రం ఎనిమిదో తరగతితో బడి మానిన చేయి. మాట తీరు మోటుగా ఉంటే సర్దుకోండి.

మన ప్రతి వాడలో అలాంటి మనిషి ఒకరు ఉంటారు. పిలిస్తే "ఊఁ" అంటాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. పెండ్లికి రాడు. చావుకు వచ్చినా ఒక మూల నిలబడి వెళ్ళిపోతాడు. తాగడు, కొట్లాడడు, అప్పు చెయ్యడు. అందుకే ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. ఫిర్యాదు లేదు కాబట్టి ఆయన ఊసు ఏ మీటింగులోనూ రాదు. ఆడవాళ్ళలోనూ ఉన్నారు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకొని పొద్దుగూకే దాకా ఒక్క మాట లేకుండా చుట్టే తల్లులు మా తూర్పు పేటల్లో ఎంతమంది లేరు!

అలాంటి మనిషిని ఇంట్లో వాళ్ళు ఏం చేస్తారు? మొదట తిడతారు. "నీకేం తక్కువైంది, నోట్ల ముత్యాలున్నయా?" అంటారు. తరువాత మొక్కులు, తాయెత్తులు. పెండ్లి కానివాడైతే "పెండ్లి చేస్తే సర్దుకుంటడు" అని ఒక ఆడపిల్లను తెచ్చి ఆ బరువు ఆమె నెత్తిన పెడతారు. చివరికి విసిగిపోయి "వాని తత్వమే అంత" అని వదిలేస్తారు. ఆ మాటతో ఇంట్లో గొడవ ఆగుతుంది గాని, ఆ మనిషి దగ్గరికి వెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది.

మా వాళ్ళ ఆడబిడ్డ ఒకామె మనస్తత్వశాస్త్రం చదివి ముంబైలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నది. ఆమె నానమ్మ మా సంఘానికి కండెలు చుట్టేది. సెలవులకు వచ్చినప్పుడు మూడు ఆదివారాలు ఆమెను సంఘం హాలులో కూర్చోబెట్టి అడిగాము, "అమ్మా, ఇట్లాంటి మనుషులకు మందేనా, ఇంకేమైనా ఉన్నదా?" అని. ఆమె చెప్పిన దానిలో మాకు అర్థమైనంత, మన పనికి వచ్చేంత ఇక్కడ చెబుతున్నాము.

ఆమె చదివిన చదువుల్లో మనోవిశ్లేషణ అని ఒకటి ఉన్నది. ఇంగ్లీషులో సైకోఅనాలిసిస్ అంటారు. దాన్ని మొదలుపెట్టినాయన సిగ్మండ్ ఫ్రాయిడ్. 1856లో పుట్టాడు. ఈయన తండ్రి ఉన్ని వ్యాపారి. వ్యాపారం సాగక పిల్లలతో ఊరు విడిచి వియన్నా పట్నం చేరిన కుటుంబం. ఇది విన్నప్పుడు మా వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. మన తాతలు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మూటాముల్లె కట్టుకొని షోలాపూర్ వచ్చింది కూడా నూలు వెంటనే గదా.

ఫ్రాయిడ్‌కు ముందు దారి చూపిన పేషెంటు ఒకామె ఉన్నది. పేరు బెర్తా పాపెన్‌హైమ్. 1880లో తండ్రికి జబ్బు చేస్తే రాత్రింబగళ్ళు సేవ చేస్తూ తానే జబ్బు పడింది. ఒక దశలో మాతృభాష జర్మన్ నోటికి రాకుండా పోయి ఇంగ్లీషులోనే మాట్లాడేది. బ్రాయర్ అనే డాక్టరు రోజూ వచ్చి ఆమె చెప్పేది వినేవాడు. చెప్పుకుంటే కొంత తేలికయ్యేది. దానికి ఆమే ఒక పేరు పెట్టింది, మాటల వైద్యం అని. వెంటనే నయమైపోలేదు. 1882లో ఆ వైద్యం ఆగిన తరువాత కూడా కొన్నేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. తరువాత కోలుకొని అనాథ పిల్లలకు, ఆడవాళ్ళకు సేవ చేసి పేరు తెచ్చుకున్నది.

ఈ భాష సంగతి మనకు గట్టిగా తగులుతుంది. మన పిల్లలు బడిలో మరాఠీ, కన్నడం, తమిళం, ఒడియా. ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లోనే. ఇంట్లో మాట ఆగితే ఆ మనిషికి తన భాష కూడా ఆగినట్టే. డాక్టరు దగ్గర మరాఠీలో "ఠీక్ ఆహే" అని వచ్చేస్తాడు. లోపలి బాధ చెప్పడానికి అమ్మ దగ్గర నేర్చిన మాటలు కావాలి. ఇది తరువాత మళ్ళీ చెబుతాము.

అయితే ఫ్రాయిడ్ ఒక మాట అన్నాడు. మనుషుల మీద, లోకం మీద మనసును పూర్తిగా వెనక్కి లాక్కున్నవాళ్ళకు తన వైద్యం పనిచేయదని. ఎందుకంటే ఈ వైద్యం అంతా డాక్టరుకు, పేషెంటుకు నడుమ పెరిగే బంధం మీద నడుస్తుంది. బంధమే వద్దనుకున్నవాడితో ఎట్లా? పడుగు లేని మగ్గం మీద నాడె ఆడించినట్టు ఉంటుంది.

తరువాత వచ్చినవాళ్ళు ఈ మాట ఒప్పుకోలేదు. వాళ్ళలో ఒకరు ఫెయిర్‌బెయిర్న్. స్కాట్లాండులో ఎడిన్‌బరో ఊరాయన. 1940లో ఇలా ముడుచుకున్న మనుషుల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పింది మా భాషలో చెబుతాము. మాట మానిన మనిషిలో ప్రేమ ఎండిపోలేదు, దాచిపెట్టుకున్నాడు. చిన్నప్పుడు తాను చూపిన ప్రేమను ఎవరూ అందుకోకపోతే, పిల్లవాడు "వాళ్ళకు తీరిక లేదు" అనుకోలేడు. "నా ప్రేమే చెడ్డది, దానివల్లే వాళ్ళకు కష్టం" అనుకుంటాడు. పెద్దయ్యాక కూడా తన ప్రేమ ఎవరికి తగిలితే వాళ్ళకు చేటు అన్నట్టు దూరం జరుగుతాడు. బయటికి మనకు కనిపించేది పట్టింపు లేనితనం. లోపల ఉన్నది భయం.

ఇది విన్నాక హాలులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. "నా వల్ల ఇంటికి భారం" అనుకొనే మనుషులు మన చేనేత ఇండ్లల్లో ఎంతమంది ఉన్నారో మాకు తెలుసు. సాంచాలు వచ్చి చేతి మగ్గానికి గిరాకీ పోయిన తరువాత, పెండ్లాం బీడీల పైసల మీద ఇల్లు నడిచిన ఇండ్లల్లో, మగవాళ్ళు ఎందుకు నోరు మూసుకున్నారో మేము కూలి లెక్కల్లో వెతికాము. లెక్కలు నిజమే. కాని అదే నష్టం వచ్చిన ఇద్దరిలో ఒకడు అరిచాడు, ఒకడు ముడుచుకున్నాడు. ఆ తేడా లెక్కల్లో దొరకదు.

ఇప్పుడు ఒక మనిషి కథ. పేరు హ్యారీ గంట్రిప్. 1901లో పుట్టి 1975లో పోయాడు. ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్ళో ఉండేవాడు. అది మనలాంటి బట్టల ఊరే, ఉన్ని బట్టకు, కుట్టుపనికి పేరున్నది. చర్చిలో బోధకుడిగా మొదలుపెట్టి మనోవైద్యుడు అయ్యాడు. ముడుచుకున్న మనుషుల గురించి 1968లో పెద్ద పుస్తకం రాశాడు. కాని తాను కూడా ఆ జబ్బు ఉన్నవాడే. వైద్యుడై ఉండి తానే పేషెంటుగా మరొక వైద్యుడి ముందు కూర్చున్నాడు.

ఆయనకు మూడున్నర ఏళ్ళప్పుడు పెర్సీ అనే తమ్ముడు చనిపోయాడు. తల్లి ఒడిలో తమ్ముడి శవాన్ని చూశాడట. వెంటనే తానూ జబ్బు పడ్డాడు. తమ్ముడి మీది బెంగతో వీడూ పోతాడేమోనని తల్లి అనుకున్నది. వాళ్ళ అత్తగారింటికో పిన్నమ్మ ఇంటికో పంపిస్తే అక్కడ కోలుకున్నాడు. ఇదంతా తల్లి తరువాత చెబితే తెలిసింది. ఆయనకు మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు. కాని పెద్దయ్యాక దగ్గరివాళ్ళు ఎవరైనా దూరమైతే ఒళ్ళంతా చచ్చుబడి మంచం పట్టేవాడు. కారణం తెలియదు.

1950లలో లీడ్స్ నుంచి ఎడిన్‌బరో వెళ్ళి, ముందు చెప్పిన ఫెయిర్‌బెయిర్న్ దగ్గర వెయ్యికి పైగా సార్లు కూర్చున్నాడు. వెయ్యి సార్లు! తరువాత 1960లలో లండన్ వెళ్ళి విన్నికాట్ అనే పిల్లల డాక్టరు దగ్గర 150కి పైగా సార్లు కూర్చున్నాడు. విన్నికాట్ మామూలు మనిషి కాడు. మాట్లాడని పిల్లల ముందు కాగితం పెట్టి ఒక వంకర గీత గీసేవాడు. పిల్లవాడు దాన్ని బొమ్మ చేయాలి. తరువాత పిల్లవాడు గీస్తే డాక్టరు బొమ్మ చేయాలి. అట్లా గీత గీతకూ మాట పుట్టేది.

విన్నికాట్ గంట్రిప్‌లో ఒకటి కనిపెట్టాడు. ఈయన మౌనంగా ఉండే మనిషి కాడు, ఎడతెగకుండా మాట్లాడే మనిషి, ఎడతెగకుండా పనిచేసే మనిషి. ఆపితే తాను లేకుండా పోతానేమో అన్న భయంతో మాట్లాడుతున్నాడు. అంటే లోపల ముడుచుకున్నవాడు బయటికి బాగా పనిమంతుడిగా కూడా కనిపించవచ్చు. ఈ సంగతి మన వాళ్ళు గుర్తు పెట్టుకోవాలి. పండుగనాడు కూడా మగ్గం దిగనివాణ్ణి మనం మెచ్చుకుంటాము. కొందరికి అది కష్టపడే గుణం. కొందరికి గుంతలో కూర్చోవడమే దాక్కోవడం.

1971 జనవరిలో విన్నికాట్ పోయాడు. ఆ కబురు తెలిసిన రాత్రి నుంచి గంట్రిప్‌కు వరుసగా కలలు వచ్చాయి. తన వైపు చూడకుండా శూన్యంలోకి చూస్తున్న తల్లి, చివరికి ఆమె ఒడిలో తమ్ముడు. దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో, అరవై ఐదేళ్ళుగా మూసి ఉన్న గది తెరుచుకున్నది. డాక్టరు చచ్చిపోయినా ఈసారి ఆయన మంచం పట్టలేదు. ఏ అండా లేదనుకున్న చోట ఇప్పుడు ఒక మనిషి తోడు లోపల నిలిచి ఉన్నది, అందుకే ఆ కల చూసి తట్టుకోగలిగాడు. తాను పొందిన ఈ వైద్యం గురించి రాసిన వ్యాసం ఆయన పోయిన ఏడే, 1975లో అచ్చయింది.

ఈ కథ విని మా వాళ్ళలో ఒకాయన లేచి, "వెయ్యి సార్లు కూర్చోబెట్టే డాక్టరు ఫీజు మేము ఏడు జన్మలు నేసినా కట్టలేము బిడ్డా" అన్నాడు. నిజమే. మన దేశంలోనూ ఈ విద్య కొత్తది కాదు, 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ దీనికి సంఘం పెట్టాడు. కాని చేనేత ఇంటికి అందే ఖర్చు కాదు. అందుకని ఆ అమ్మాయినే అడిగాము. డాక్టరు చేసేది మేము చేయలేము. చేయకూడదు కూడా. కాని దాని నుంచి ఇంటికి, సంఘానికి పనికి వచ్చేది ఏమున్నది? ఆమె నాలుగు సంగతులు చెప్పింది.

ఒకటి, లాగొద్దు. పోగు తెగినప్పుడు లాగితే పక్క పోగులు కూడా తెగుతాయని మనకు చెప్పనక్కరలేదు. "మాట్లాడు, ఎందుకు మాట్లాడవు" అని నిలదీస్తే ఆ మనిషి ఇంకా లోపలికి పోతాడు.

రెండు, వదిలిపెట్టొద్దు. ఒకే వేళకు, ఒకే చోట, చెప్పిన మాట ప్రకారం రావాలి. మనోవైద్యులు వారంలో ఫలానా రోజు ఫలానా గంట అని గట్టిగా పాటించేది అందుకే. పేషెంటు అలిగినా, మాట్లాడకపోయినా ఆ గంట అతనిదే.

మూడు, ఇట్లాంటి మనిషి కొంచెం దగ్గరికి వచ్చి వెంటనే పారిపోతాడు. గంట్రిప్ దీని గురించి చాలా రాశాడు. దగ్గరైతే మింగేస్తారేమోనని భయం, దూరమైతే ఒంటరినని భయం. అందుకే ఒకనాడు నవ్వి మాట్లాడి, మరునాడు తలుపు వేసుకుంటాడు. ఇంటివాళ్ళు "నిన్న నాటకమాడిండు" అంటారు. నాటకం కాదు.

నాలుగు, చెప్పింది అక్కడే ఉండాలి. ఒకసారి అరుగు మీద చర్చకు వచ్చిందంటే ఇక జన్మలో నోరు విప్పడు.

మా సంఘంలో దీన్ని ఒకరి విషయంలో పాటించి చూశాము. వాడ పేరు, ఇంటి పేరు చెప్పము. గోడకు వేలాడదీసే వాల్ హ్యాంగింగు నేసే మంచి పనివాడు. మెల్లమెల్లగా మాట మానేశాడు, తరువాత బట్ట తేవడం మానేశాడు. ఆరు నెలలు బట్ట రాకపోతే పనిచేసే సభ్యుల లిస్టు నుంచి పేరు తీసేయాలని మాలో కొందరు అన్నారు. మీటింగులో వాదన జరిగింది. చివరికి పేరు ఉంచాలని, ఆయన వంతు నూలు ఆయన పేరునే కట్టి ఉంచాలని తీర్మానం చేశాము. అది పెద్ద ఖర్చేమీ కాదు. కాని "నువ్వు లేకపోయినా నీ చోటు ఉన్నది" అని చెప్పడానికి సంఘం చేతిలో ఉన్న భాష అదే.

మా డైరెక్టరు ఒకాయన వరసకు ఆయనకు బావ అవుతాడు. ప్రతి శనివారం నాలుగు గంటలకు ఆయన ఇంటికి వెళ్ళి కూర్చునేవాడు. కుశలం అడిగేవాడు కాదు. రాట్నం ముందర పెట్టుకొని కండెలు చుట్టుకునేవాడు. ఐదింటికి "పోయొస్త బావా, మల్ల శనివారం" అని లేచి వచ్చేవాడు. రెండు నెలలు అంతే. ఒక శనివారం మా డైరెక్టరుకు జ్వరం వచ్చింది. రాలేనని ముందే పిల్లవాడితో కబురు పంపాడు. ఆ మాటే పనిచేసిందేమో, తరువాతి శనివారం ఆయనే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడట. ఆ రోజు అన్న మాట ఒక్కటే, "ఎర్ర నూలు పలచగున్నది, అది వద్దు."

మాకు అది చాలు. ఆ తరువాత నాలుగు వారాలు మళ్ళీ మాట లేదు. ఆ అమ్మాయి ముందే చెప్పి ఉండకపోతే మేము నిరాశపడేవాళ్ళం. ఇప్పుడు ఆయన నెలకు రెండుసార్లు ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరును చూస్తాడు, మందు వేసుకుంటాడు. ఆ అమ్మాయి చెప్పిన తెలుగు తెలిసిన కౌన్సెలరుతో ఫోనులో మాట్లాడతాడు. ఏం మాట్లాడతాడో మాకు తెలియదు, తెలుసుకోము. మగ్గం మీద ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. కాని మొన్న నారళీ పున్నమి మార్కండేయ రథం నాడు అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు. భార్య మాతో, "పన్నెండేండ్ల బిడ్డ తండ్రి గొంతు ఇట్లుంటదని ఇప్పుడు తెలుసుకున్నది" అన్నది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. దగ్గర కూర్చోవడం వైద్యానికి బదులు కాదు. పడుచు పిల్లవాడు ఉన్నట్టుండి అందరికీ దూరమైతే, లేని గొంతులు వినపడుతున్నాయంటే, తిండి నిద్ర పూర్తిగా పోతే, "నేను లేకుంటేనే మంచిది" అనే మాట వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. చావు మాట ఎత్తినవాణ్ణి ఒంటరిగా వదలకండి, "నిజంగానే అనిపిస్తున్నదా" అని మెల్లగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది తప్పు.

ఖర్చు గురించి భయపడకండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. దానికి ముందు నమూనా 1980లలో మన కర్ణాటక వాళ్ళ బళ్ళారి జిల్లాలో బెంగళూరు నిమ్‌హాన్స్ డాక్టర్లు చేసిన పనే. జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం ఎక్కడని అడగండి. 2017 చట్టం ప్రకారం మానసిక వైద్యం ప్రభుత్వం నుంచి పొందడం మన హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి, శిక్షించకూడదు అని అదే చట్టం చెబుతుంది. పోలీసు భయంతో దాచిపెట్టే కుటుంబాలు ఇది వినాలి. 14416 అనే టెలీ మానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది. ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగు కావాలని అడగండి. ఇందాక చెప్పిన భాష సంగతి ఇందుకే.

ఇక సమాఖ్యకు మా విన్నపాలు. బట్ట తేవడం ఆపిన సభ్యుడి పేరు కొట్టేసే ముందు ఒక మనిషి ఆ ఇంటికి వెళ్ళి రావాలని ప్రతి సంఘం తీర్మానం చేయాలి. నోటీసు కాదు, మనిషి. వారానికి ఒక గంట ఇవ్వగలిగిన పెద్దలు ఇద్దరు ప్రతి సంఘంలో పేరు ఇవ్వాలి. మాట దాచగలిగినవాళ్ళే ఇవ్వాలి. మన కులంలో మనసు చదువు చదివిన పిల్లలు ఏ రాష్ట్రంలో ఎవరున్నారో సమాఖ్య ఒక జాబితా తయారు చేస్తే, తెలుగులో మాట్లాడే మనిషి దొరకక తిరిగే కుటుంబాలకు దారి దొరుకుతుంది. ఉపకారవేతనాలు ఇచ్చేటప్పుడు ఇంజినీరింగుతో పాటు ఈ చదువును కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇంట్లో ఉన్న అక్కచెల్లెండ్లకు ఒక మాట. ఏండ్ల తరబడి మాట లేని మనిషితో సంసారం ఈడ్చిన మీరు కూడా లోపల ముడుచుకొని ఉంటారు. "ఆయనకు బాగైతే చాలు" అంటారు. మీకు కూడా ఒక గంట కావాలి. ఆ గంట అడగడానికి సిగ్గుపడకండి. 14416 మీకు కూడా పలుకుతుంది.

ఇంటికి వెళ్ళాక మీ వాడలో ఆ మనిషి ఎవరో ఒకసారి తలుచుకోండి. ఈ వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకొని వెళ్ళండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే మాట్లాడకండి, చేతిలో ఏదైనా పని పెట్టుకొని కూర్చోండి. మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పి లేవండి. చెప్పిన రోజున వెళ్ళండి.

జై మార్కండేయ. జై చౌడేశ్వరి. సెలవు.